చీకటి గదిలోని గ్రంథరాశి: సాలమన్ షెక్టర్ జీవితము

1896వ సంవత్సరము మే నెల 13వ తేదీన, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున, ఒక యింటి భోజనపు గదిలో బల్లపై ప్రాత వ్రాతప్రతుల తునుకలు కొన్ని పఱచి యుండెను. ఆ యింటివారు ఆగ్నెస్ స్మిత్ లూయిస్, మార్గరెట్ డన్‌లప్ గిబ్సన్ అను కవల సోదరీమణులు. స్కాట్లండున పుట్టినవారు, ఇరువురును భర్తలను కోల్పోయినవారు. గ్రీకు, అరబ్బీ, సిరియాక్ భాషలను స్వయంకృషిచే నేర్చి, ఒంటెలపై సీనాయి యెడారి దాటి, 1892లో అచ్చటి క్రైస్తవ మఠమునందు సువార్తల ప్రాచీన సిరియాక్ ప్రతిని వెలికి దీసిన సాహసికులు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము స్త్రీలకు పూర్తి పట్టముల నిచ్చుట 1948లో గాని మొదలు కాలేదు. కనుక ఎంత చదివినను వారు విశ్వవిద్యాలయమునకు వెలుపలివారే. తూర్పు దేశముల యాత్రలో తాము కొని తెచ్చిన పత్రములలో పోల్చుకొనలేనివి కొన్ని మిగిలినవని, నాడు వీధిలో నెదురుపడిన ఒక మిత్రునితో లూయిస్ చెప్పెను. ఆ మిత్రుడు ఆలసింపక వారి యింటికి వచ్చెను.

ఎఱ్ఱని గడ్డము, దువ్వెన యెఱుగని జుట్టు, నలిగిన దుస్తులు గల ఆ మనుష్యుడు మొదట ఒక చర్మపత్రమును చూచి, అది యెరూషలేము తల్మూదులోని దని చెప్పెను. పిదప మాసి చినిగిన వేఱొక యాకును చేతికి తీసికొనెను. చూచుచుండగనే ఆయన కన్నులు మెఱసినవి. దీనిని పరీక్షించుటకు కొనిపోవచ్చునా యని యడిగి, అనుమతి పొంది, గ్రంథాలయమునకు పరుగున పోయెను. ఆనాడే అక్కచెల్లెండ్రకు ఆయన యొద్దనుండి తంతివార్త వచ్చెను. ఎల్లరును నశించినదని తలచిన ఒక హీబ్రూ మూలగ్రంథములోని యాకు అది. దానిని గుర్తించినవాడు సాలమన్ షెక్టర్.

ఆ గ్రంథము బెన్ సిరా జ్ఞానబోధ. క్రీస్తునకు పూర్వము 180 ప్రాంతమున యెరూషలేములో బెన్ సిరా యను పండితుడు దానిని హీబ్రూ భాషలో రచించెను. లోకరీతి, గృహధర్మము, స్నేహము, పాలకులయెదుట మెలగవలసిన తీరు మొదలగు విషయములపై నీతులు అందు కలవు. ఆయన మనుమడు ఈజిప్టు దేశమునకు పోయి, అచ్చట దానిని గ్రీకు భాషలోనికి పరివర్తించెను. క్రైస్తవులలో కొన్ని శాఖలవారు ఆ గ్రీకు పాఠమును తమ పవిత్రగ్రంథమున చేర్చుకొనిరి. యూదులు మాత్రము తమ పవిత్రగ్రంథముల వరుసలో దానికి చోటీయలేదు. చోటీయని గ్రంథమునకు ప్రతులు వ్రాసికొనువారు క్రమముగా తగ్గిపోయిరి. తల్మూదునం దక్కడక్కడ ఉదాహరింపబడిన వాక్యములును, పదవ శతాబ్దమున సాదియా గవోన్ అను మహాపండితుడు ఉదాహరించిన మాటలును తప్ప, హీబ్రూ మూలము పండితలోకమునకు కనబడక శతాబ్దములు గడచినవి.

ఒక్క యాకునకు అంత సంభ్రమ మేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. అది బోధపడుటకు ఆ మనుష్యుని పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను.

రుమేనియా దేశమున, మోల్దావియా ప్రాంతమందలి ఫోక్షాని అను పట్టణమున షెక్టర్ జన్మించెను. జన్మసంవత్సరము 1847 అని సాధారణముగ చెప్పుదురు. తండ్రి యూదాచారము ననుసరించి పశువులను వధించు వృత్తి గలవాడు. షెక్టర్ అను ఇంటిపేరునకు అర్థమదియే. కుటుంబము హసీదులనబడు భక్తిసంప్రదాయమునకు చెందినది. ఆ సంప్రదాయమున చబాద్ శాఖకు మూలపురుషుడైన ష్నెయూర్ జల్మాన్ పేరునే బిడ్డకు పెట్టిరి. షెక్టరునకును ఒక కవల సోదరుడు కలడు. ఈ కథలో కవలలు రెండు జంటలగుట వట్టి కాకతాళీయమే కాని, చెప్పక విడుచుటకు మనసొప్పలేదు.

మూడవ యేటికే బాలుడు హీబ్రూ చదువ నేర్చెనని చెప్పుదురు. పదవ యేట ప్యాత్ర నెయాంట్స్ అను ఊరి పాఠశాలకును, పదుమూడవ యేట ల్వోవ్ నగరమున యోసేపు సౌల్ నాథన్సన్ అను ప్రసిద్ధ రబ్బీ యొద్దకును పోయెను. మన పల్లెల వేదపాఠశాలలవలెనే అచ్చటి చదువును కంఠస్థము, తర్కము, గురుముఖము. రుమేనియా దేశపు 1866 నాటి రాజ్యాంగము క్రైస్తవేతరులు పౌరులగుటకు వీలు లేకుండ చేసెను. పుట్టిన దేశము తన్ను తనవానిగ నంగీకరింపకుండుట యెట్టిదో షెక్టర్ యౌవనముననే చవిచూచెను.

వియన్నాలో ఐజాక్ హిర్ష్ వైస్, మేయర్ ఫ్రీడ్‌మాన్ అను గురువుల యొద్ద ఆయనకు రెండవ చదువు దొరకెను. ప్రాచీన గ్రంథమును భక్తితో వల్లించుట ఒకటి. దాని ప్రతుల నన్నిటిని సరిపోల్చి, లేఖకుల తప్పులను తొలగించి, పాఠమును నిర్ణయించుట వేఱొకటి. ఈ రెండవ విద్య నేర్చిన పిమ్మట మొదటిది పోవునని పలువురు భయపడుదురు. షెక్టర్ విషయమున రెండును కలసి నిలిచినవి. 1879లో ఆయన బెర్లిను చేరెను. అచ్చట జర్మను పండితుల పరిశ్రమను చూచి అబ్బురపడెను. వారి తీర్పులను వినగా మనసు నొచ్చెను. ప్రవక్తల కాలము దాటిన పిదప యూదమతము జీవము లేని విధినిషేధముల మూటగ మారినదని వారిలో పెక్కురు వ్రాయుచుండిరి. కీర్తనలలో పెక్కింటిని క్రీస్తు పూర్వము రెండవ శతాబ్దము నడుమకు, అనగా మక్కబీయుల కాలమునకు, దించుచుండిరి. ఒక జాతి గ్రంథములను గూర్చి ఆ జాతివారిని సంప్రదింపకయే తీర్పు చెప్పుచున్నారని షెక్టరునకు తోచెను. దీనికి కోపము ప్రత్యుత్తరము కాదనియు, ప్రతులే ప్రత్యుత్తరమనియు ఆయన యెఱుగును. ఆయనయందు నాకు మిక్కిలి నచ్చిన గుణమిది.

1882లో క్లాడ్ మాంటిఫియోరి అను సంపన్న యూదవిద్వాంసుడు తనకు రబ్బీల వాఙ్మయము బోధించుటకు ఆయనను లండనునకు పిలుచుకొనిపోయెను. ఇంగ్లండులోని గ్రంథాలయములందలి హీబ్రూ ప్రతులు షెక్టరునకు పెన్నిధులైనవి. 1887లో 'అవోత్ దె రబ్బీ నాథన్' అను ప్రాచీన గ్రంథమునకు ఆయన చేసిన పరిష్కరణము వెలువడెను. అదే సంవత్సరమున మెటిల్డా రోత్ అను విదుషిని వివాహమాడెను. 1890లో కేంబ్రిడ్జిలో అధ్యాపకుడై, 1892లో రబ్బీ వాఙ్మయమున రీడరు పదవి పొందెను. పురాణకథా పరిశోధకుడు జేమ్స్ ఫ్రేజరు అచ్చట ఆయనకు ఆప్తమిత్రుడయ్యెను.

ఇక బెన్ సిరా సంగతి. 1890లో ఆక్స్‌ఫర్డునందలి అరబ్బీ ఆచార్యుడు మార్గోలియత్ గ్రీకు, సిరియాక్ అనువాదముల సాయమున నష్టమైన మూలము ఎట్లుండునో ఊహించి చెప్పి, దాని భాష బైబిలు హీబ్రూ కాదనియు, తరువాతి రబ్బీల హీబ్రూకు చేరువైనదనియు వాదించెను. షెక్టర్ తల్మూదాది గ్రంథములనుండి బెన్ సిరా వాక్యములను పోగుచేసి 1891లో వ్యాసము ప్రకటించెను. కనుకనే ఐదేండ్ల పిదప ఆ మాసిన యాకు చేతికి రాగానే, ఒకనాడు పరిచయమైన ముఖమువలె దానిని పోల్చుకొనగలిగెను. కాలము తెలిసిన శాసన మొకటి దొరకినచో, కాలము తెలియని కావ్యముల భాషను దానితో సరిచూచి నిర్ణయించుట మనకు తెలిసినదే. హీబ్రూ వాఙ్మయమున బెన్ సిరా మూలము అట్టి శాసనము కాగలదు. బెన్ సిరా నాటికే కీర్తనలు ప్రాచీనములై, ఆయనకు అనుకరణీయములై యుండెనని చూపగలిగినచో జర్మను పండితుల కాలనిర్ణయము కదలిపోవును.

కాని ఒక్క యాకు చాలదు. ఆక్స్‌ఫర్డులోని నాయిబావర్, కౌలీ అను పండితులు తమ గ్రంథాలయమున వెదకగా అదే ప్రతికి చెందిన తొమ్మిది యాకులు బయటపడెను. ఇవి యన్నియు ఒక్కచోటనుండియే వచ్చుచుండవలెననియు, ఆ చోటు ప్రాత కైరోలో, ఫుస్తాత్ అను భాగమున నున్న బెన్ ఎజ్రా సమాజమందిరమనియు షెక్టర్ నిశ్చయించుకొనెను.

యూదులలో దైవనామము వ్రాసిన పత్రమును కాల్చరాదు, పాఱవేయరాదు. శిథిలమైన గ్రంథములను ఒక చోట దాచి, తరువాత భూమిలో పూడ్చుదురు. ఆ దాచు చోటునకు గెనీజా యని పేరు. ప్రాత తాటాకు పుస్తకములను చెత్తలో వేయక యేటిలో విడుచు మన వారి యాచారమునకును మూలము ఇట్టి భావమే. ఏటిలో విడిచినది మరల రాదు. ఫుస్తాతువారు దాచుట మానలేదు కాని, పూడ్చుట మాత్రము చాలవఱకు మఱచిరి. దైవనామముతో నిమిత్తము లేక, హీబ్రూ లిపిలో నున్న యే కాగితమునైనను అందు వేసిరి. పొడి గాలి గల దేశమగుటచే అవి క్రుళ్లలేదు. ఆ గదిని సర్పము కాచుచున్నదనియు, కదలించినవారికి కీడు మూడుననియు జనులు చెప్పుకొనెడివారు. నిధికి నాగుబాము కావలి యని వినని దేశము లేదు కాబోలు! షెక్టరునకు ముందును కొందఱు అచ్చటికి పోయిరి. 1864లో యాకోబు సఫీర్ అను యాత్రికుడు లోన ప్రవేశించి కొద్ది యాకులతో తిరిగి వచ్చెను. 1896 మొదట ఎల్కన్ ఆడ్లర్ అను లండను న్యాయవాది ఒక సంచెడు పత్రములు తెచ్చెను. మందిరపు సేవకులు చిల్లరగా అమ్ముచుండిరి.

1896 డిసెంబరులో షెక్టర్ ఎక్కువమందికి చెప్పకయే కైరోకు బయలుదేరెను. ఖర్చు భరించినవాడు సెయింట్ జాన్స్ కళాశాలాధిపతి చార్లెస్ టెయిలర్. గణితశాస్త్రజ్ఞుడు, క్రైస్తవ మతాచార్యుడు, అయినను రబ్బీల సూక్తులను పరిష్కరించి ప్రకటించిన హీబ్రూ ప్రియుడు. లండను ప్రధానరబ్బీ ఇచ్చిన పరిచయలేఖతో షెక్టర్ కైరో ప్రధానరబ్బీ రఫాయేల్ బెన్ షిమోనును దర్శించి, ఆయన చెలిమి సంపాదించెను. రబ్బీయే ఆయనను బండిలో ఫుస్తాతునకు కొనిపోయి, మందిరమును చూపి, కావలసినది తీసికొనుమని చెప్పెను. షెక్టరునకు అంతయు కావలసియే యుండెను.

స్త్రీలు కూర్చుండు మేడ చివర, గోడలో ఎత్తున నొక రంధ్రము. నిచ్చెన వేసి యెక్కి దాని గుండ దిగవలెను. లోన కిటికీ లేదు, వెలుతురు లేదు. వేయి సంవత్సరముల కాగితములు గుట్టలుగ పడియుండెను. తోరా చుట్టల తునుకలు, ప్రార్థనపుస్తకములు, పెండ్లి పత్రములు, విడాకుల పత్రములు, అప్పుపత్రములు, రక్షరేకులు, పిల్లల అక్షరాభ్యాసపు పలకలవంటి పుటలు, వర్తకుల జాబులు ఒకదాని నొకటి అంటుకొని ముద్దలై యుండెను. ఆ చీకటిలో చదివి యేరుటకు వీలు లేదు. కావున అచ్చుపుస్తకములను విడిచి, వ్రాత అన్నదాని నెల్ల సంచులకెత్తుటకు ఆయన నిశ్చయించెను. వారములకొలది ఆ పని సాగెను. కదలించిన కొలది లేచిన దుమ్ము గొంతులో, ఊపిరితిత్తులలో చేరి ఆయన ఆరోగ్యమును శాశ్వతముగ చెఱచెను. పనిచేసినవారికి బక్షీసు, చూచుచు నిలుచున్నవారికి బక్షీసు, ఆయన దగ్గు విని అయ్యో యన్న స్త్రీలకును బక్షీసు! ఈ బాధను ఆయన తరువాత మిక్కిలి హాస్యముగ వర్ణించెను. లూయిస్, గిబ్సన్ సోదరీమణులు కూడ కైరో చేరి తోడ్పడిరి. నడుమ పాలస్తీనాకు పోయి, అచ్చట కాపురముండిన కవల సోదరుని చూచి వచ్చెను. 1897లో సంచులు కేంబ్రిడ్జి చేరినవి.

కైరో యూదసంఘమువారు మనసారనే ఇచ్చిరనుట సత్యము. అప్పటి ఈజిప్టు ఆంగ్లేయుల చేతిలో నుండుటచే ఆ సంచులు సులభముగ ఓడ యెక్కె ననుటయు సత్యమే. ఉన్నచోటనే యున్నచో చిల్లర వర్తకుల చేతులలో పడి దేశదేశములకు చెదరిపోయెడివన్నది మూడవ సత్యము. ఈ మూడింటిలో నే యొక్కదానిని చెప్పి మిగిలినవి దాచినను న్యాయము కాదు.

గ్రంథాలయమున ఒక గది యిచ్చిరి. దుమ్ము కోటు తొడిగి, ముక్కునకు నోటికి అడ్డము కట్టుకొని, పెట్టెల నడుమ షెక్టర్ దినమంతయు తునుకలను విడదీయుచుండెను. బైబిలు ఒక పెట్టెలో, తల్మూదు ఒకదానిలో, ప్రార్థనలు ఒకదానిలో, చరిత్ర వేఱొకదానిలో. తలయు చేతులును పట్టుకొని కాగితముల గుట్ట ముందు కూర్చున్న ఆయన ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. నేటి లెక్క ప్రకారము కేంబ్రిడ్జిలోని ఆ సేకరణమున సుమారు 1,93,000 తునుకలు కలవు. మహాపండితుడు మైమోనిదీసు స్వహస్తముతో వ్రాసిన పుటలు కూడ అందు దొరకినవి. బెన్ సిరా యాకులు మఱికొన్ని, వేఱు ప్రతులకు చెందినవి సైతము, బయటపడెను. 1899లో టెయిలరుతో కలసి షెక్టర్ వానిని ప్రకటించెను.

విజయము పూర్తియైనదని తలచునంతలో అదే సంవత్సరమున మార్గోలియత్ మరల లేచెను. ఈ హీబ్రూ మూలము కాదనియు, మధ్యయుగమున ఎవడో అనువాదములనుండి తిరుగ వ్రాసినదనియు ఆయన వాదము. ప్రతులు పది, పండ్రెండు శతాబ్దముల నడిమివగుటచే దానిని నిర్ద్వంద్వముగ ఖండించుటకు సాక్ష్యము లేకపోయెను. కొందఱు నమ్మిరి, కొందఱు నమ్మలేదు. షెక్టర్ బ్రదికి యుండగ ఈ సంశయము తీఱలేదు.

1902లో ఆయన కేంబ్రిడ్జిని విడిచి, న్యూయార్కులోని యూద వేదాంత కళాశాలకు అధ్యక్షుడై పోయెను. జీతము చాలకపోవుటయు, బిడ్డలు యూదసమాజము నడుమ పెరుగవలెనను కోరికయు కారణములు. అచ్చట లూయీ గిన్స్‌బర్గ్, అలెగ్జాండర్ మార్క్స్ వంటి విద్వాంసులను చేర్చెను. 1913లో సమాజమందిరముల సంఘమును స్థాపించెను. అమెరికా యూదులలో మధ్యేమార్గమువారు నేటికిని ఆయనను తమ నిర్మాతలలో నొకనిగ లెక్కింతురు. కాని పరిపాలన ఆయన రక్తములోనిది కాదు. కైరో సంచులలోనివి కొన్ని ఆయన వెంట మనసులో వచ్చినవి.

1910లో ప్రకటించిన ఒక చిన్న గ్రంథము దానికి ఫలము. ధర్మబోధకుడను గురువును అనుసరించి, యెరూషలేము పూజారులతో విభేదించి, దమస్కు దేశమున నొడంబడిక చేసికొనిన యొక శాఖవారి నియమావళి అది. గెనీజాలో దొరకిన రెండు ప్రతులును మధ్యయుగమునాటివే. అయినను, ఈ శాఖ యెరూషలేము దేవాలయము నిలిచియున్న కాలమునాటిదని షెక్టర్ నిర్ణయించెను. కాదు, చాల తరువాతిదని పలువురు పండితులు వాదించిరి. ఇచ్చట ఆయన లోపమొకటి చెప్పక తప్పదు. మూలప్రతిని కొన్ని యేండ్లు ఇతరులకు చూపరాదని ఆయన నిబంధన పెట్టించెను. ప్రతులే ప్రత్యుత్తరమని నమ్మినవాడు ప్రతిని దాచుట వింతయే. దానిచే ఆయన పాఠమున దొరలిన పొరపాటులను సరిదిద్దుట ఆలస్యమయ్యెను.

1915 నవంబరు 19న న్యూయార్కులో షెక్టర్ కాలధర్మము నొందెను.

ముప్పది రెండేండ్లు గడచిన పిమ్మట, 1947లో, మృతసముద్రపు టొడ్డున కుమ్రాన్ కొండగుహలో అరబ్బు కాపరుల చేతికి చుట్టలు దొరకిన వార్త లోకమునకు తెలిసెను. తరువాత కొలది సంవత్సరములలో నాల్గవ, ఐదవ, ఆఱవ గుహలందు షెక్టర్ ప్రకటించిన నియమావళియే ప్రాచీనలిపిలో తునుకలై బయటపడెను. అవి దేవాలయము నిలిచియున్న కాలమునాటి ప్రతులు. అనగా మృతసముద్రపు చుట్టలలో నొకదానిని, గుహలు తెఱువబడుటకు ఏబది యేండ్లు ముందే, షెక్టర్ కైరోలో పట్టుకొని యుండెను.

1964లో మసాదా దుర్గమున యిగాయేల్ యాదిన్ త్రవ్వకములు జరుపుచుండగ బెన్ సిరా హీబ్రూ చుట్ట యొకటి దొరకెను. రోమనులు ఆ దుర్గమును గెలిచినది క్రీస్తుశకము 73 ప్రాంతమున. వ్రాత అంతకు ముందటిది. మధ్యయుగపు అనువాదమను మాటకు ఇక తావు లేదు. గెనీజా పాఠమున తప్పులు, మార్పులు కలవు, కాని దాని మూలము బెన్ సిరా హీబ్రూయే యని స్థిరపడెను. 39వ అధ్యాయమునుండి 44వ అధ్యాయమువఱకు గల భాగములు ఈ చుట్టయందు మిగిలినవి. 1896లో భోజనపు బల్లపై షెక్టర్ పోల్చిన యాకు 39వ అధ్యాయపు నడుమనుండి 40వ అధ్యాయపు మొదటివఱకు గలది. అందలి పంక్తులలో కొన్ని రెండింటను కలవు.

ఇక షెక్టర్ విడదీయక వదలిన పెట్టెలున్నవి. జాబులు, లెక్కలు, చిన్న చిన్న చీటీలు. శాస్త్రగ్రంథముల కొఱకు వెదకువానికి అవి యంతగ పనికిరావు. గ్రంథాలయపువారు వానిని పనికిమాలిన కాగితములని కట్టి పెట్టిరి. 1950ల నడుమ గోయితైన్ అను పండితుడు వానిని చూచి, మధ్యధరా సముద్రతీరపు సామాన్యజనుల బ్రదుకును ఐదు సంపుటములుగ వ్రాయుటకు వానినే ఆధారము చేసికొనెను. 1974లో కేంబ్రిడ్జిలో గెనీజా పరిశోధనశాఖ ఏర్పడి మిగిలిన తునుకలను కూడ వరుస చేసెను. ఆ జాబులలో మన దేశపు వార్తలును కలవు. ట్యునీసియా దేశీయుడైన అబ్రహాం బెన్ యిజూ అను యూదవర్తకుడు 1132 మొదలు 1149 వఱకు మంగుళూరు ప్రాంతమున నివసించి, ఇత్తడి పాత్రల కర్మాగారము నడపి, మిరియములు, వక్కలు, ఇనుము ఏడెనునకు పంపుచుండెను. 1132 అక్టోబరులో మంగుళూరున ఆషు అను దాసికి ఆయన విముక్తిపత్రము వ్రాసి యిచ్చెను. ఏడెనునుండి మిత్రులు ఆయనకు పంపిన కానుకలలో కాగితము కూడ నుండెడిది. వచ్చిన జాబుల వెనుక ఖాళీ కనబడినచో అందు ఆయన తన లెక్కలు వ్రాసికొనెను.